నల్ల పట్టీకి నల్ల దారం

మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "అమ్మా, నువ్వు చెప్పుకుంట పోతే మాకు సగం యాదుండదు. రాసియ్యరాదే" అన్నారు. నేను చదివింది ఐదో తరగతి. చర్చిలో పాటల పుస్తకం చూసి పాడుకోవడానికి, మిషను దగ్గర కొలతలు రాసుకోవడానికి సరిపోయిన చదువు అది. జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. ఆ ధైర్యంతోనే కూర్చున్నాను.

నా పేరు మార్తమ్మ. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళు బెల్టులు కుట్టాను. ఎత్తు మీద పని చేసే మనిషి నడుముకూ తొడలకూ కట్టుకుని, తాడుకు తగిలించుకుని వేలాడే బెల్టులు. ఫ్యాక్టరీ పొగగొట్టాలకు రంగు వేసేవాళ్ళు, నీళ్ళ ట్యాంకులు కడిగేవాళ్ళు, తర్వాత మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేచాక ఆ అద్దాలు తుడిచేవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు మెచ్చుకున్నారు అనేవి రాయను. వాటివల్ల మీకు కుట్టు రాదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల ఒక పిల్లవాడి ప్రాణం పోయేది.

జాకెట్టు చెయ్యి

షెడ్డుకు రాకముందు ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. జాకెట్లు కుట్టేవాళ్ళకు మొదటి విద్య రంగు కలపడం. చీర కొంగు పట్టుకుని మ్యాచింగ్ సెంటరుకు పోయి, దారం కండెను ఎండలోకి తెచ్చి చూసి, ఒక్క పిసరు తేడా ఉన్నా వెనక్కి ఇచ్చేదాన్ని. కుట్టు కనబడకపోతేనే పనితనం. మార్తమ్మ కుట్టు ఎక్కడుందో దుర్భిణి పెట్టి వెతకాలని మా వాడకట్టు ఆడవాళ్ళు అనేవారు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

అదే చేత్తో షెడ్డులో మొదటి బెల్టు కుట్టాను. తెల్ల పట్టీ, తెల్ల దారం. మా మేస్త్రీ ఖాజా సాబ్, మేమందరం ఉస్తాద్ అనేవాళ్ళం, దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. పెద్ద కత్తెర తీసి మధ్యకు కోసి నా ఒళ్ళో పడేశాడు.

"ఏమైంది ఉస్తాద్? కుట్టు గట్టిగ లేదా?"

"గట్టిగనే ఉంది బేటీ. కనవడ్తలేదు."

"కనవడకుంటెనే గద మంచిగుండేది!"

"ఇది పెండ్లికి పోతదా? దీంట్ల మనిషి కూసొని ఏలాడ్తడు. దారం తెగితే వానికి తెల్వాలె. రంగు వేరుంటే తెగిన జాగ అల్లంత దూరంకెల్లి మెరుస్తది. బెల్టుకు నోరు లేదు బేటీ. దారమే దాని నోరు."

ఆయన రెండో పద్ధతి ఇంకా విచిత్రం. బెల్టు ఎవరు కుడితే వాళ్ళే ముందు అందులో వేలాడాలి. షెడ్డు ఇనుప దూలానికి తాడు కట్టి, నేలకు మూరెడు ఎత్తున వేలాడదీసి, చేతికి చాయ్ గ్లాసు ఇచ్చేవాడు. చాయ్ అయిపోయేదాకా దిగకూడదు. మొదటి రోజు సిగ్గుతో చచ్చాను. రెండో రోజు ఆయన భార్య తన పాత సల్వారు ఒకటి పంపించింది. "చీరె మీద ఉయ్యాల ఊగితే చింపుకుంటవ్ చెల్లే" అని కబురు కూడా.

మూరెడు ఎత్తే కావచ్చు. కాళ్ళు నేలకు అందనప్పుడు తన కుట్టు మీద మనిషికి ఉన్న గర్వం పోయి అనుమానం పుడుతుంది. ఈ పనికి కావలసింది ఆ అనుమానమే. గర్వపడే చెయ్యి జాకెట్లకు బాగుంటుంది.

మూడు గుర్తులు

తొంభైల చివరి సంవత్సరాలు అవి. మాదాపూర్ దగ్గర ఒకవైపు బండలు పగలగొడుతుంటే ఇంకోవైపు అద్దాలు బిగిస్తున్నారు. ఒక మధ్యాహ్నం ప్రసాద్ అనే కుర్రాడు మోటార్ సైకిలు మీద మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. కోస్తా పిల్లవాడు. కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. సంచిలోంచి ఒక విదేశీ బెల్టు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఇలాంటివి ఎనిమిది కుట్టాలండి."

"ఏ బిల్డింగు పని బాబూ?"

"బిల్డింగు కాదండి. మా ఆఫీసువాళ్ళం ఎనిమిది మందిమి ఆదివారాలు పెద్ద రాళ్ళు ఎక్కుతాం. ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్ అంటారు దీన్ని."

ఆ మాట నేను వినడం అదే మొదలు. అదేమిటని అడిగాను. ఆ పక్కన బెంచీ మీద యాదగిరి కూర్చుని ఉన్నాడు. అద్దాలు తుడిచే మనిషి. తన బెల్టు కొక్కెం మార్పించుకోవడానికి వచ్చాడు. అతనూ చెవులు రిక్కించాడు.

ప్రసాద్ వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "దెబ్బలు తగిలే ఆటలన్నీ ఎక్స్‌ట్రీమ్ కావండి. క్రికెట్లోనూ తల పగులుతుంది, అయినా కాదు. దీనికి గుర్తులున్నాయి. ఒకటి, ఇందులో తప్పు చేస్తే ఓడిపోవడం ఉండదు, ప్రాణమే పోవచ్చు. రెండు, ఎదురుగా ఇంకో జట్టు ఉండదు. రాయితోనో గాలితోనో నీళ్ళతోనో, మన భయంతోనో ఆడాలి."

"ఆగుండ్రి సార్," అన్నాడు యాదగిరి ముందుకు జరిగి. "ప్రాణం పోతది. ఉంది. గాలి ఉంది. ఎదురుంగ జట్టు లేదు, ఒక సూపర్‌వైజరు తప్ప. అంటే నేను దినాం పొద్దుగాల ఆట ఆడుతున్ననా?"

"మీరేం చేస్తారు అన్నా?"

"మీ అద్దాల బిల్డింగే తుడుస్త. ఎర్ర గేటుది గద? నాలుగో అంతస్తుల ఒకాయన డబ్బాలకెల్లి అటుకులు తినుకుంట కంప్యూటర్ చూస్తడు."

ప్రసాద్ ముఖం ఎర్రబడింది. "అది నేనేనండి."

"నాక్కూడ పెడితే బాగుండనుకున్న."

నేనూ నవ్వాను, ప్రసాదూ నవ్వాడు. తర్వాత మూడో వేలు మడిచాడు. "మీది ఆట కాదన్నా. మూడో గుర్తు ఒకటుంది. ఎవరూ పంపకుండా మన ఇష్టంతో ఎక్కాలి. వద్దనుకుంటే మానేసి ఇంటికి పోవచ్చు."

"గట్ల చెప్పుండ్రి," అన్నాడు యాదగిరి వెనక్కి ఆనుకుని. "రెండు సబ్జెక్టులు పాసైన. మూడోదాంట్ల ఫెయిల్."

ఆట కదా అని

యాదగిరి వెళ్ళాక ప్రసాద్ గొంతు తగ్గించి ఒక మాట అడిగాడు. బెల్టు మొత్తం నల్లగా ఉండాలి, పట్టీ నలుపు, దారం నలుపు. మా పద్ధతిలో నల్ల పట్టీకి పసుపు దారం వేస్తామని, తెగితే కనబడాలని చెప్పాను.

"అది రోజూ పని చేసేవాళ్ళకి కదండి. మేం వారానికి ఒక్క పూట ఆడుకుంటాం. పసుపు దారం వేస్తే అచ్చం లేబర్ బెల్టులా ఉంటుంది. ప్లీజ్ ఆంటీ."

ఉస్తాద్ ఉంటే పసుపు దారమన్నా తీసుకో, తలుపన్నా చూసుకో అని ఉండేవాడు. ఆయన అప్పుడు కంటి ఆపరేషను చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. పోతూ పోతూ, కొత్త రకం పని ఏదొచ్చినా తనను అడగకుండా పట్టుకోవద్దని చెప్పి పోయాడు. ఆయన ఇల్లు షెడ్డుకు రెండు వీధుల అవతల. పోయి అడగడానికి పావుగంట పట్టదు. పోలేదు.

ఎందుకు పోలేదో చెప్పాలి. ఆట అన్న మాట విన్నాక నా మనసులో బెల్టు బరువు తగ్గిపోయింది. యాదగిరిది పొట్టకూటి బెల్టు, వీళ్ళది సరదా బెల్టు అనిపించింది. ప్రాణం పోయే ఆట అని అంతకుముందే ఆ కుర్రాడు నా ఎదుటే చెప్పాడు. చెవిన పడింది, చేతికి ఎక్కలేదు. పైగా నల్ల పట్టీ మీద నల్ల దారం నడుస్తుంటే పాత జాకెట్టు చెయ్యి నిద్ర లేచింది. ఎన్నేళ్ళయిందో కనబడని కుట్టు వేసి! ఎనిమిదీ కుట్టాను. ఎనిమిదింటిలోనూ వేలాడి చాయ్ తాగాను. గట్టిగా ఉన్నాయి. ప్రసాద్ వచ్చి వెలుతురులో తిప్పి చూసి, "కుట్టు ఎక్కడుందో తెలియట్లేదు ఆంటీ, సూపర్" అన్నాడు. మా వాడకట్టు ఆడవాళ్ళ మెప్పు మళ్ళీ విన్నట్టయింది.

ఉస్తాద్ నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చాడు. తను లేనప్పుడు ఏమేం చేశారని అడిగాడు. అన్నీ చెప్పాను, ఆ ఎనిమిదీ తప్ప. పిల్లలూ, ఒక గుర్తు పెట్టుకోండి. చేసిన పనిని పెద్దవాళ్ళకు చెప్పబుద్ధి కాలేదంటే, అది తప్పని మీ చేతికి అప్పటికే తెలుసు.

బెల్టు చెప్పిన మాట

నాలుగు నెలలు గడిచి ఉంటాయి. ఒక శనివారం సాయంత్రం షెడ్డు మూసే వేళకు యాదగిరి వచ్చి తన బెల్టు బల్ల మీద పెట్టాడు. నల్ల పట్టీ మీద, ముందు తాడు కట్టే చోట, పసుపు దారం పోగులు లేచి ఉన్నాయి. కోడిపిల్ల బొచ్చులా.

"పొద్దుగాల చూసిన చాచా," అన్నాడు ఉస్తాద్‌తో. "కాంట్రాక్టరు ఇంకో ఏడాది నడుస్తది పో అన్నడు."

"కాంట్రాక్టరు ఏలాడ్తడా దీంట్ల?"

"ఆయన నిచ్చెన ఎక్కాలన్నా ఇద్దరు పట్టుకోవాలె."

ఇన్నేళ్ళలో నేను చాలామంది కాంట్రాక్టర్లను చూశాను. పాత బెల్టు ఇంకా నడుస్తుంది అని చెప్పినవాళ్ళలో ఒక్కరూ మా దూలానికి వేలాడి చాయ్ తాగిన మనిషి లేరు.

ఉస్తాద్ ఆ పోగుల మీద బొటనవేలు ఆడిస్తూ నాకు చెప్పాడు. "చూడు బేటీ. దారం పట్టీ మీద ఉబ్బెత్తు ఉంటది. గోడ అంచు మొదలు దారాన్నే తింటది. పట్టీ కొత్తగనే కనవడ్తది. యాదగిరిది సిమెంటు గోడ. జర నునుపు. గదే బండకు రాకితే నెల రోజులు ఆగదు."

బండ అన్న మాట దగ్గర నాకు ప్రసాద్ గుర్తొచ్చాడు. ఎనిమిది బెల్టులు. నాలుగు నెలల ఆదివారాలు. తెగినా కనబడదు. అక్కడే చెప్పేశాను. ఎప్పుడు, ఎవరికి, ఏ దారంతో కుట్టానో అంతా.

ఉస్తాద్ అరవలేదు. నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "గూంగ బెల్టులు కుట్టినవ్ బేటీ. మూగయి. ఎనిమిది మందికి."

ప్రసాద్ రాసిచ్చిన ఫోన్ నంబరు ఆఫీసుది. శనివారం సాయంత్రం ఎవరు ఎత్తుతారు? రేపు ఆదివారం. ప్రసాద్ ఎక్కే రాళ్ళు ఎక్కడున్నాయో యాదగిరికి తెలుసు. అవి తెల్లాపూర్ దారిలో, అతని అత్తగారి ఊరికి ఈవలే; పోతూ వస్తూ వాళ్ళను అక్కడ చూశాడట. అతని బెల్టు విప్పి పసుపు దారంతో మళ్ళీ కుట్టాను. పొద్దున్నే బయలుదేరుదాం అన్నాడు. నాకు ఊహ తెలిసి ఒంట్లో బాగుండి ఆరాధన మానిన ఆదివారం అదొక్కటే.

రాళ్ళ దగ్గర

బస్సు దిగి సీతాఫలం చెట్ల మధ్య చాలా దూరం నడిచాం. యాదగిరి భుజాన తన తాడూ బెల్టూ ఉన్నాయి. దూరం నుంచే నవ్వులు వినిపించాయి. రెండంతస్తుల మేడంత బండ. కింద ఏడుగురు. ప్రసాద్ పైన, బండ మధ్యకు పైగా, బల్లిలా అతుక్కుని ఉన్నాడు.

వాళ్ళ పద్ధతి ఏమిటంటే, తాడు బండ కొసన ఇనుప కొక్కెంలోంచి పోయి కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కేవాడి బెల్టుకు, ఇంకో కొస కింద స్నేహితుడి చేతిలో. రాయి పట్టుకుని ఉన్నంతసేపు బరువు రాయి మీదే. చేతులు వదిలితే బరువంతా బెల్టు మీదికి వస్తుంది. అంటే నా కుట్టు మీదికి.

"ప్రసాదూ! చేతులు ఇడవకు బిడ్డా! బెల్టు మీద కూసోకు!"

కిందనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఒక కుర్రాడు పళ్ళికిలించాడు. "ఆంటీ, వాడికి అక్కడ సోఫా లేదండి కూర్చోడానికి."

"నవ్వుతరేంది! మీ బెల్టులల్ల దారం తెగిందో లేదో ఎవలకన్న తెలుసా?"

ఒక ఆడపిల్ల తల వంచి తన బెల్టు చూసుకుంది. "ఏం కనబడట్లేదండి." తర్వాత గోరు పెట్టి గీసింది. ఆగింది. మళ్ళీ గీసింది. "ఇక్కడ... నూగులా తగులుతోంది ఆంటీ." పళ్ళికిలించిన కుర్రాడు కూడా తన బెల్టును గోటితో గీసి చూసుకున్నాడు.

పైనుంచి ప్రసాద్ గొంతు వచ్చింది. "ఏమైందండీ? చేతులు లాగేస్తున్నాయి. వదిలేసి తాడు మీదికి వచ్చేస్తా!"

"వద్దు! నీ బెల్టు నమ్మొద్దు. నేనే చెడగొట్టిన. యాదగిరి వస్తున్నడు, జర ఓపిక పట్టు!"

యాదగిరి అప్పటికే అక్కడ లేడు. బండ వెనక్కి పరుగెత్తాడు. ప్రసాద్ కుడికాలు ఒక పగులులో ఉంది, ఎడమకాలు వణుకుతోంది. మిషను సూది ఆడినట్టు ఆడుతోంది ఆ మడమ. ప్రార్థన చేయాలని కూడా నాకు తోచలేదు. ఆ మడమ మీదే చూపు పెట్టి నిలబడ్డాను.

బండ కొసన యాదగిరి తల కనబడింది. తన తాడును బండ కొమ్ముకు రెండు చుట్లు చుట్టి, కొసన తన బెల్టు కట్టి కిందికి వదిలాడు. "సార్, నడుముకు కాదు, పెద్ద లూపుల తల, ఒక చెయ్యి దూర్చుండ్రి. ఆఁ. ఇగ రెండో చెయ్యి. తొందర లేదు. అటుకులు తినేటప్పుడు ఎంత నిమ్మళంగ ఉంటరు, గంత నిమ్మళంగ."

ప్రసాద్ ఒక చెయ్యి దూర్చాడు. కాసేపటికి రెండోది. పసుపు దారం అతని చంకల కింద మెరిసింది. యాదగిరి కొమ్ము చుట్టూ తాడు వదులుతూ వదులుతూ అతన్ని నేలకు దింపాడు.

కిందికి వచ్చిన యాదగిరిని ప్రసాద్ అడిగిన మొదటి మాట ఇది. "అంత త్వరగా ఎలా ఎక్కావన్నా?"

"ఎక్కుడేంది సార్? ఎనకకెల్లి మేకలు పోయే బాటుంది."

అందరూ పగలబడి నవ్వారు. ప్రసాద్ కూడా నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాడు.

ఇసుక మూట

మరునాడు ప్రసాద్ సెలవు పెట్టి ఎనిమిది బెల్టులూ షెడ్డుకు తెచ్చాడు. ఉస్తాద్ మనిషి బరువుకు ఇసుక మూట కట్టి, ప్రసాద్ బెల్టుకు తగిలించి దూలానికి వేలాడదీశాడు. బెల్టు ఆగింది.

ప్రసాద్ ఊపిరి వదిలాడు. "చూశారా ఆంటీ! ఊరికే భయపడ్డామండి."

"మనిషి ఇసుక లెక్క గమ్మున ఉంటడా బేటా?" అన్నాడు ఉస్తాద్. మూటను జానెడు పైకెత్తి వదిలాడు. చీర చింపినట్టు చప్పుడు చేసి బెల్టు కుట్టు తెగింది. మూట పగిలి ఇసుక మా కాళ్ళ మీదికి పారింది.

ఆదివారం ఏం జరిగేదో నాకు ఈనాటికీ తెలియదు. మెల్లగా బెల్టు మీదికి వాలి ఉంటే ఆగేదేమో. పట్టు తప్పి జారి ఉంటే, జానెడు చాలు.

ప్రసాద్ ఆ ఇసుకలో కూర్చుని తెగిన కుట్టు చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టవలసిందే. అతను వేరే మాట అన్నాడు. "ఆంటీ, మూడో గుర్తు ఇష్టం అన్నాను కదండి. ఏ దారం మీద వేలాడుతున్నానో తెలియకుండా అది ఇష్టం ఎలా అవుతుంది? యాదగిరన్నకి మానేసే వీలు లేదు, కానీ తన బెల్టు సంగతి తనకి తెలుసు. నాకు మానేసే వీలుంది. తెలియడమే లేదు."

నల్ల దారం అడిగింది అతనే. కానీ దాని అర్థం తెలిసిన మనిషిని అప్పుడు షెడ్డులో నేనొక్కదాన్నే. అతనికి తెలియాల్సినదాన్ని నేను కుట్టి మూసేశాను. ఏది ఎక్స్‌ట్రీమ్ ఆట, ఏది కాదు అని చదువుకున్నవాళ్ళు తేలుస్తారు. ఎత్తు అంటారు, వేగం అంటారు, ప్రమాదం అంటారు. బెల్టు కుట్టేవాళ్ళుగా మనకు తెలియవలసింది ఒకటుంది. ప్రమాదం ఎంతో తెలిసి, అయినా ఎక్కుతాను అనేవాడిదే ఆట. తెలియకుండా ఎక్కేవాడిని ఎవరో ఆడిస్తున్నట్టు. ఆ నాలుగు నెలలు ఆడించింది నేను.

యాదగిరి సంగతి కూడా దాచను. ఆ సోమవారం అతను మళ్ళీ అద్దాల మీదికే పోయాడు. మూడో గుర్తు అతనికి ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. ప్రసాద్ కిటికీ తెరుచుకోదు కాబట్టి, మధ్యాహ్నం అటుకుల డబ్బా పట్టుకుని కిందికి దిగి వచ్చేవాడని మాత్రం విన్నాను.

ఎనిమిది బెల్టుల కుట్లూ నేనే విప్పాను. విప్పడానికి కుట్టినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. నా కుట్టు నాకే కనబడలేదు. పసుపు దారంతో మళ్ళీ కుట్టాను, ఎనిమిదింటిలోనూ వేలాడాను. అప్పుడు ఉస్తాద్ నన్ను దిగమని, ప్రసాద్‌ను ఎక్కించాడు. "కుట్టినోళ్ళు ఏలాడిండ్రు. ఇగ కట్టుకునేటోళ్ళు" అన్నాడు. అది ఆయన ఆ రోజే పెట్టిన కొత్త పద్ధతి. ఇప్పటికీ మన షెడ్డులో ఉన్నది అదే.

నేలకు మూరెడు ఎత్తున ప్రసాద్ వేలాడాడు. చేతికి చాయ్ ఇచ్చాను. అతను తాగలేదు. తల వంచి, నడుము దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క కుట్టూ గోటితో తడుముతూ పోయాడు. చాయ్ మీద మీగడ కట్టింది. ఉస్తాద్ ఇంకో గ్లాసు పొయ్యమని నాకు సైగ చేశాడు. ఆ కుర్రాడు ఇంకా ఎడమ తొడ దగ్గరే ఉన్నాడు.